తాడు మీద పదిహేడుమంది

శుక్రవారం పొద్దున బురుల్చా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి పాలజావ. తొమ్మిదిన్నరకు 'చలికాలంలో పిట్టలు ఏం తింటాయి' పాఠం. పదిన్నరకు పిచ్చుకలకు గింజలు చల్లి, వాలినవాటిని ఇరవై దాకా లెక్కపెట్టడం. ఆపైన ఓ అరగంట మంచు మీద జారుడుబండ్ల ఆట. పన్నెండుకి సూపు, ఒంటిగంటకి పడక. ఇదంతా ఆమె రంగు పెన్సిళ్లతో అట్ట మీద రాసి గోడకి అంటించింది. చదవడం రాని పిల్లల కోసం పక్కనే బొమ్మలు కూడా వేసింది. పిచ్చుక బొమ్మను చూసి సగంమంది కోడి అన్నారు గానీ, అది పథకంలోని లోపం కాదు.

నరీన్ ఊళ్లో బాలబడి టీచరు ఉద్యోగం దొరకడమంటే మాటలు కాదు. బురుల్చాకి ఇరవై ఆరేళ్లు, చేరి రెండున్నర నెలలైంది. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే వెళ్లి రమ్మంటారు. నచ్చడమూ నచ్చకపోవడమూ డైరెక్టరు ఉమ్సునాయ్ గారి చేతిలో ఉంది. ఆవిడకు ఇప్పటిదాకా నచ్చినవాళ్లెవరో ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఆవిడ ఆ పొద్దున బొచ్చుటోపీ సర్దుకుంటూ గుమ్మంలో ఆగింది. "విద్యాశాఖ ఆఫీసులో మీటింగుంది. సాయంత్రం దాకా రాను. ఇదిగో బురుల్చా, పిల్లల్ని గేటు దాటించకు. ఆటలూ పాటలూ అన్నీ ఆవరణలోనే."

"అలాగేనండి."

"నెలాఖరుకి నీ గడువు అయిపోతుంది. గుర్తుందిగా?"

"గుర్తుందండి."

గుర్తుంది. కానీ ఆవరణలో పిచ్చుకలు లేవు. వంటావిడ పెంచుతున్న పిల్లి ఆ సంగతి ఎప్పుడో చూసుకుంది. పిచ్చుకలన్నీ వెనకవైపు కొండవాలు మీద, ముళ్లపొదల్లో ఉంటాయి. వెనకగేటు తీస్తే నూరడుగులు. డైరెక్టరు గారు గేటు అన్నది ముందుగేటు గురించేనని బురుల్చా తనకు తానే సర్దిచెప్పుకుంది.

పట్టీలో పంతొమ్మిదిమంది ఉంటే ఆ రోజు వచ్చింది పదిహేడుమంది, ఇద్దరికి జలుబు. బయట సున్నాకి కింద పంతొమ్మిది డిగ్రీలు. పదిహేడుమందికి బట్టలు తొడగడానికి నలభై నిమిషాలు పట్టింది. లోపలి ఉన్నిలాగు, పైలాగు, రెండు జతల మేజోళ్లు, బూట్లు, చొక్కా మీద చొక్కా, కోటు, టోపీ, చేతితొడుగులు, ముక్కు దాకా చుట్టే మఫ్లరు. చివరివాడికి మఫ్లరు ముడివేసే సరికి మొదటివాడు, "టీచరక్కా, ఒంటికి," అన్నాడు. మళ్లీ మొదటినుంచి.

ఆ చలికాలం ఊళ్లో పిల్లలందరివీ నీలం కోట్లే. శరదృతువులో బజారుకి ఒక లారీడు నీలం కోట్లు దిగాయి, చవగ్గా అమ్మారు, అందరూ కొన్నారు. కోటు తొడిగి మఫ్లరు చుట్టాక పిల్లల్లో కనబడేవి రెండు కళ్లు మాత్రమే.

బడిలో ఒక పొడవాటి తాడు ఉంది. దానికి అటూ ఇటూ గుడ్డపిడులు కుట్టారు. ఒక్కో పిల్లా ఒక్కో పిడి పట్టుకుంటే అందరూ వరసగా నడుస్తారు, ఎవరూ తప్పిపోరు. బురుల్చా తాడు పట్టుకుని ముందు నడిచింది. వాలు మీద పిచ్చుకలు మాట నిలబెట్టుకుని వచ్చాయి. చోల్పోన్ అనే పిల్ల, ఐదేళ్లకే అరవయ్యేళ్ల పెద్దరికం ఉన్నది, పద్నాలుగు దాకా లెక్కపెట్టి, "మిగతావి కదులుతున్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోను," అని తేల్చేసింది. తర్వాత జారుడుబండ్లు. వాలు మీద వీధిపిల్లలు కూడా పది పన్నెండు మంది జారుతున్నారు. అంచున ఒక ముసలాయన చేతికర్ర మీద ఆనుకుని నిలబడి చూస్తున్నాడు.

పదకొండుంబావుకి కొండ మీదనుంచి గాలి దిగింది. దాని వెనకే మంచు. రెండు నిమిషాల్లో ముళ్లపొదలు మాయమయ్యాయి, తర్వాత పిచ్చుకలు, ఆ తర్వాత బురుల్చా చాచిన చెయ్యి.

"తాడు! అందరూ తాడు పట్టుకోండి! మాట్లాడకండి, గొంతులోకి మంచు పోతుంది! నోరు మూసుకుని నా వెనకాలే రండి!"

తాడు వెంబడి తడుముకుంటూ వెళ్లి టోపీ టోపీకీ చెయ్యి వేసి లెక్కపెట్టింది. పదిహేడు. ఇటు చివరనుంచి మళ్లీ లెక్కపెట్టింది. పదిహేడే. దేవుడికి దణ్ణం పెట్టుకుని నడిచింది.

లోపలికి వచ్చి మఫ్లర్లు విప్పుతోంది. పదకొండోదో పన్నెండోదో విప్పగానే లోపలనుంచి బయటపడిన ముఖం ఆమె ఎప్పుడూ చూసింది కాదు.

గుండ్రటి బుగ్గలు, చీమిడిముక్కు. పై పన్ను ఒకటి లేదు. ఆ ముఖం ఆమెను చూసి నవ్వింది.

"నువ్వెవరు నాన్నా?"

"ఉన్నాను," అన్నాడు వాడు.

లెక్క పదిహేడు. అందులో ఒకడు పరాయివాడు. అంటే తనవాళ్లలో ఒకడు లేడు. ఎవడు? హాజరుపట్టీ తెచ్చి, జలుబుతో రానివాళ్లిద్దర్నీ వదిలేసి గబగబా పిలిచింది. పిలిచిన ప్రతి పేరుకీ ఇద్దరు పలికారు. ఒకటి అసలు గొంతు, రెండోది ఆ కొత్తవాడిది. "ఉన్నాను." "ఉన్నాను." "ఉన్నాను." అక్జోల్ పేరు దగ్గర ఒక్కటే గొంతు పలికింది. ఆ గొంతు ఎవరిదో చూడక్కర్లేదు.

"వీడు అక్జోల్ కాదు టీచరక్కా," అంది చోల్పోన్ తీరిగ్గా బూటు విప్పుకుంటూ. "నా ముందు పిడి వీడిదే. నేను దారిలోనే చూశా."

"చూస్తే చెప్పవేమే తల్లీ!"

"మీరే గదా నోరు మూసుకుని నడవమన్నారు."

కొత్తవాణ్ణి ఎన్ని రకాలుగా అడిగినా లాభం లేకపోయింది. మీ ఇల్లెక్కడ? ఉన్నాను. నాన్న పేరేంటి? ఉన్నాను. అక్జోల్ ఎటు వెళ్లాడు? దానికి మాత్రం వాడు కాస్త ఆలోచించి, "సూపు ఎప్పుడు?" అన్నాడు.

అప్పుడే వంటింట్లోంచి సూపు గిన్నెతో ఆయా తోప్చుగుల్ వచ్చింది. ఈ బడిలో పాతికేళ్లుగా పిల్లల ముక్కులు తుడుస్తున్న మనిషి. సంగతి విని గిన్నె బల్ల మీద పెట్టి, గిన్నె పక్కనే తనూ కూలబడింది.

"డైరెక్టరమ్మకి ఫోన్ చేద్దామా?"

"చేస్తే ఏమని చెప్పాలక్కా? గేటు దాటించొద్దన్నారు, దాటించాను, ఒకణ్ణి పోగొట్టి ఇంకొకణ్ణి తెచ్చానని చెప్పనా? అరగంట. అరగంటలో దొరక్కపోతే డైరెక్టరు గారికీ పోలీసులకీ నేనే చేస్తాను. నువ్వు వీళ్లని చూసుకో. ఎవరొచ్చి అడిగినా అందరూ ఉన్నారని చెప్పు."

"అందరూ ఉన్నారు," అని తోప్చుగుల్ బట్టీ పట్టింది.

బురుల్చా కోటు గుండీలు పెట్టుకోకుండానే పరిగెత్తింది. వాలు మీద ఒక్కరు లేరు. మంచు ఆగింది గానీ, పడిన మంచు అడుగుజాడలన్నిటినీ కప్పేసింది. "అక్జోల్!" అని అరిస్తే కొండ తిరిగి అదే పేరు అంది. వాలు అడుగున, పొదల చాటున, గాలి తగలని చోట మాత్రం ఒక బండి జాడ మిగిలి ఉంది. రెండు గీతలు. పక్కన పెద్ద బూట్ల గుర్తులు, వాటి పక్కన చేతికర్ర గుచ్చిన చిల్లులు. ఆ జాడ తిన్నగా నదివైపు పోయింది.

నది ఒడ్డున ఒక నీలం చేతితొడుగు పడి ఉంది. అరచేయంత లేదు.

దాన్ని తీసి చూసింది. లోపల ఇంకా కాస్త తడి ఉంది. ఇలాంటివి ఊళ్లో వెయ్యి జతలున్నాయని ఆమెకు తెలుసు, అయినా దాన్ని జేబులో పెట్టుకుంది. పొద్దున అక్జోల్ చేతులకి తొడుగులు తొడిగింది తనే. వాడు వేళ్లన్నీ ఒకే గదిలో పెట్టి, "ఇవి చలికి కౌగిలించుకున్నాయి టీచరక్కా," అన్నాడు.

నది అంచులు గట్టిగా గడ్డకట్టాయి. నడుమ మాత్రం మంచుగడ్డ కింద నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. బండి జాడ దాని మీదుగానే అటు ఒడ్డుకి పోయింది. దిగువన ఒకామె మంచుగడ్డకి కన్నం కొట్టి బకెట్టుతో నీళ్లు తోడుకుంటోంది.

"అక్కా! ఇటు ఒక పిల్లవాణ్ణి తీసుకుని ఎవరైనా వెళ్లారా?"

"షామిర్కాన్ తాత వెళ్లాడు. బండి మీద మనవడున్నాడు. ఆ జాడ మీదే నడువు తల్లీ, పక్కన పలచగా ఉంది."

మనవడా? మనవడైతే అక్జోల్ కాదు. అక్జోల్ కాకపోతే అక్జోల్ ఎక్కడ? బురుల్చా ఒక కాలు మంచుగడ్డ మీద పెట్టింది. అది కిర్రుమంది. రెండో కాలు పెట్టింది. నది సగం దాటిందో లేదో జేబులో ఫోను మోగింది. ఆమె ఉన్నచోటనే కొయ్యబారిపోయింది.

బడిలో ఏం జరిగిందో ఇక్కడ చెప్పాలి.

పన్నెండున్నరకి అక్జోల్ నాయనమ్మ బుబూష్ మామ్మ బడికి వచ్చింది. వస్తూనే కాళ్లకంటిన మంచు దులపరించకుండా గుమ్మంలోనే నిలబడి, "మావాణ్ణి పంపించు తోప్చుగుల్, తొందర," అంది. "మా మేనల్లుడి కూతురు నడక మొదలెట్టింది, ఇకమీద తడబడకుండా నడవాలని ఇవాళ దాని కాళ్ల దారం తెంచుతున్నారు. సాయంత్రం అనుకున్నది, మళ్లీ మంచు ముసురుతుందని ఒంటిగంటకే పెట్టారు. పిల్లలందరూ పరిగెత్తాలి, మావాడు లేకపోతే ఎట్లా?"

"అందరూ ఉన్నారు," అంది తోప్చుగుల్.

"ఉండక ఎక్కడికి పోతారు? మావాణ్ణి పంపించు."

"సూపు తాగుతున్నాడు."

"అక్కడ గుర్రపు మాంసం ఉడుకుతుంటే ఇక్కడ సూపేంటి? చాల్లే, రమ్మను."

"నిద్రపోతున్నాడు."

"ఇప్పుడేగా సూపు తాగుతున్నాడన్నావ్?"

"తాగుతూ తాగుతూ నిద్రపోయాడు."

బుబూష్ మామ్మ అనుమానంగా చూసి, బూట్లు విప్పి లోపలికి రావడానికి వంగింది. తోప్చుగుల్ జీవితంలో అబద్ధం ఆడక్కర్లేకుండా యాభై ఆరేళ్లు గడిపిన మనిషి. అలవాటు లేని పని తలమీద పడేసరికి బుర్ర పనిచేయలేదు, చేతులు పనిచేశాయి. లోపలికి ఉరికింది. రెండో గిన్నె సూపు ముగిస్తున్న కొత్తవాణ్ణి లేపి నిలబెట్టింది. అదే ఎత్తు, చూడబోతే కళ్లు కూడా అవే కళ్లు. నీలం కోటు తొడిగి, ఒకటి చాలదని రెండు మఫ్లర్లు చుట్టి, టోపీ కనుబొమల దాకా లాగి, తెచ్చి మామ్మ చేతిలో పెట్టింది. బురుల్చా ఇవాళో రేపో అసలువాణ్ణి తెస్తుంది గదా, అప్పుడు మార్చుకోవచ్చు అనుకుంది.

"ఏంటే ఇట్లా పొట్లం కట్టావు?"

"దగ్గు."

"పొద్దున లేదే?"

"ఇప్పుడే పట్టుకుంది." పిల్లవాడు దగ్గలేదు. ఓ క్షణం చూసి తోప్చుగుల్ తనే దగ్గింది.

"పద అక్జోల్," అంది మామ్మ.

"ఉన్నాను," అంది పొట్లం.

వాళ్లు గేటు దాటాక తోప్చుగుల్‌కి బుర్ర మళ్లీ పనిచేయడం మొదలెట్టింది. అప్పుడు ఫోను చేసింది.

"అమ్మాయీ, అక్జోల్‌ని వాళ్ల మామ్మ తీసుకెళ్లింది."

నది నడుమ నిలబడ్డ బురుల్చా కళ్లలో నీళ్లు తిరిగాయి. "దొరికాడా! ఎక్కడున్నాడక్కా, ఎప్పుడొచ్చాడు?"

"దొరకలేదు."

"మామ్మ తీసుకెళ్లిందన్నావుగా?"

"అదే... మన దగ్గరున్నవాణ్ణి."

కాళ్ల కింద మంచుగడ్డ కిర్రుమని ఒక పొడుగాటి గీత తీసింది.

"నిజంగా అక్జోల్‌నేనా?"

"కాదు తల్లీ. వాణ్ణి. సూపు తాగేవాణ్ణి. అక్జోల్ అని చెప్పి..."

చలికి ఫోను చచ్చిపోయింది.

ఇప్పుడు ఇద్దరు పిల్లలు లేరు. ఒకడు ఎక్కడున్నాడో తెలియదు, రెండోవాడు ఎవడో తెలియదు. ఈ వార్తను డైరెక్టరు గారికి చెప్పడానికి మనిషికి ఎంత ధైర్యం కావాలో లెక్క వేస్తూ బురుల్చా మిగతా నదిని బోర్లా పడుకుని పాకి దాటింది. ఉద్యోగం సంగతి ఆమె అప్పటికే మర్చిపోయింది. ఒడ్డెక్కి బట్టలు దులుపుకోకుండా పోలీసులకి ఫోను చేద్దామనుకుంది. ఫోను పనిచేయదు. ఎవరింట్లోనైనా అడగాలి. బండి జాడ ఒక మట్టిగోడల ఇంటి వాకిట్లో ఆగింది. వాకిట్లో జారుడుబండి ఉంది, దాని మీద రెండో నీలం చేతితొడుగు ఉంది, ఇంటికి తాళం ఉంది.

పక్కింటి ఆవరణనుంచి ఒకటే కేకలు, నవ్వులు. పెద్ద కుండలోంచి పొగ. బురుల్చా గేటు తోసుకుని లోపలికి వెళ్లింది.

ఆవరణకి ఆ చివర బల్ల ముందు ఏడాది పాపని నిలబెట్టారు. పాప రెండు కాళ్లకీ కలిపి నలుపూ తెలుపూ పేనిన దారం కట్టారు, కత్తెర వాళ్లమ్మ చేతిలో ఉంది. ఈ చివర గీత గీసి పిల్లల్ని వరసగా నిలబెట్టారు. ముందుగా పరిగెత్తి వచ్చినవాళ్లు దారం తెంచాలి. వరసలో పదిహేనుమంది పిల్లలు, పదిహేనూ నీలం కోట్లే.

"పరిగెత్తండి!" అని ఎవరో అరిచారు.

"అక్జోల్!" అని బురుల్చా కేక పెట్టింది.

వరసలోంచి ఒక కోటు తలతిప్పింది. "ఉన్నాను!" అని పలికి మళ్లీ పరుగందుకుంది. బురుల్చా దాని వెనకాలే పడింది. జనం పక్కకి జరిగి దారిచ్చారు. "చూడండ్రా, టీచరు కూడా పరిగెడుతోంది! బలే! కానివ్వండి!" అని ఈలలు వేశారు. కొంగలా సాగి ఒక కోటు వీపు పట్టుకోబోయింది, దొరకలేదు, ఇంకొకటి పట్టుకోబోయింది, మంచులో జారి బోర్లా పడింది. పడ్డది పడ్డట్టే పాప కాళ్ల దగ్గరిదాకా సర్రున జారిపోయింది. పాప ఆమెను చూసి చప్పట్లు కొట్టింది.

ఆమె కంటే అరడుగు ముందు పొట్లం చేరుకుంది. గెలిచినవాడి మఫ్లర్లు విప్పారు. ఒకటి, రెండు.

"మా అక్జోలే!" అంటూ ముందుకొచ్చిన బుబూష్ మామ్మ నోరు అట్లాగే ఉండిపోయింది. "ఒరే, నువ్వు బెక్తుర్‌వి! మా చచ్చిపోయిన అక్క మనవడివి! ఇందాకట్నుంచి నా చెయ్యి పట్టుకుని నడిచింది నువ్వా? మరి నావాడేడీ?"

"నేను రెండో వాణ్ణి మామ్మా," అన్నాడు రెండో కోటు మఫ్లరు కిందికి లాక్కుంటూ. అక్జోల్. చేతులకి తొడుగులు లేవు, బుగ్గకి వెన్న అంటి ఉంది. "బెక్తుర్ నన్ను తోశాడు."

బురుల్చా మంచులో మోకాళ్ల మీద కూర్చుని అక్జోల్‌ని దగ్గరికి లాక్కుంది. వాడి వేళ్లు వెచ్చగా ఉన్నాయి. చాలాసేపు వదల్లేదు. వాడు, "టీచరక్కా, మీరు మంచులా ఉన్నారు, వదలండి," అన్నాక వదిలింది.

అప్పుడు తలెత్తి చూసింది. బల్లకి అటువైపు, గౌరవ అతిథుల చోట, చేతిలో ఎముకతో, బొచ్చుటోపీతో కూర్చుని డైరెక్టరు ఉమ్సునాయ్ గారు ఆమెనే చూస్తోంది.

తప్పించుకోవడానికి బురుల్చాకి దారి లేదు, ఓపికా లేదు. లేచి నిలబడి అందరిముందూ చెప్పేసింది. "నాదే తప్పు మామ్మగారూ. డైరెక్టరు గారు వద్దన్నా పిల్లల్ని గేటు దాటించాను. గాలి లేచింది. తాడు మీద పదిహేడుమందిని లెక్కపెట్టాను గానీ ముఖాలు చూడలేదు. అక్జోల్ ఎలా తప్పిపోయాడో నాకు తెలీదు. ఆయాని ఏమీ అనకండి, అందరూ ఉన్నారని చెప్పమన్నది నేనే."

బుబూష్ మామ్మ ఊపిరి లోపలికి తీసుకుంది. ఆ ఊపిరి బయటికి వస్తే ఏమవుతుందో చుట్టాలందరికీ తెలుసు.

"ఆ పిల్లనేం అనకు మరదలా," అంది వెనకనుంచి ఒక గొంతు. చేతికర్ర తాటించుకుంటూ షామిర్కాన్ తాత ముందుకొచ్చాడు. "వాడు తప్పిపోలేదు. నేనే తీసుకొచ్చా."

"ఏం బావా! నా మనవణ్ణి ఎత్తుకొచ్చావా?"

"ఎత్తుకురావడమేంటి? నాలుగింటిదాకా బదులు తీసుకున్నా. నీ మనవడు నాకేమన్నా పరాయివాడా? బండెక్కించా, వెన్న, నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు పెట్టా, గుర్రప్పిల్లని చూపించా. ఏరా, ఏడ్చావా?"

"లేదు," అన్నాడు అక్జోల్. "నేను అక్కడే ఉంటా."

"ఎందుకు చేశావయ్యా ఈ పని?"

తాత టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "రెండేళ్లయింది బెక్తుర్ పేరు బడిలో చోటు కోసం వరసలో రాయించి. రెండొందల పద్నాలుగో నంబరు. కొడుకూ కోడలూ బజారులో, వీడు నాతోనూ గొర్రెలతోనూ. పొద్దునే కిటికీలో కూచుంటాడు. ఆ పిల్లలు తాడు పట్టుకుని బడి ఆవరణలో తిరుగుతుంటే చూస్తాడు. 'తాతా, నాకూ ఒక పిడి' అంటాడు. ఏం చెప్పను? ఇవాళ గాలి లేచింది. ఒక్క రోజు కూచోనిద్దాం అనుకున్నా. ఊరికే దూరిస్తే టీచరు లెక్కపెట్టి వీణ్ణి బయటికి తీసేస్తుంది గదా? అందుకని లెక్క చెడకుండా మనవాణ్ణే ఒకణ్ణి ఇవతలికి తీసుకున్నా. ఎవరి పేరు పిలిచినా ఉన్నానని చెప్పరా అని నేర్పించా."

"పోలీసులకి చెప్పాలి నిన్ను," అంది బుబూష్ మామ్మ. కానీ గొంతులో మునుపటి వేడి లేదు. బెక్తుర్ అప్పటికే కత్తెర అందుకుని నాలుక బయటపెట్టి దారం కోస్తున్నాడు. "అక్క ఉంటే నీ వీపు పగలగొట్టేది."

"ఉంటే వీడు నాతో గొర్రెల్లో ఎందుకుంటాడు?"

ఇక మిగిలింది డైరెక్టరు గారు. ఆవిడ ఎముక పళ్లెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, లేచింది. బురుల్చా వైపు ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. "గేటు దాటించావన్నమాట."

"దాటించానండి."

"నేను లేనని తెలిసి."

"అవునండి."

"విద్యాశాఖ మీటింగులో కూర్చుని, నా బడి పిల్లలు క్షేమంగా ఉన్నారని నేను అనుకుంటుంటే..."

"ఏ మీటింగు?" అంది పాప వాళ్ల అమ్మ అమాయకంగా, పాపని ఎత్తుకుంటూ. "ఉమ్సునాయ్ అత్త పొద్దున పదింటినుంచి మా ఇంట్లోనే ఉందిగా? బోర్సోక్ పిండంతా తనే కలిపింది, పాపం, నడుం పట్టేసింది."

కుండ కింద కట్టెలు చిటపటలాడాయి. డైరెక్టరు గారు పైకి చూసింది, కొండని చూసింది, నదిని చూసింది. బురుల్చా మర్యాదగా తన బూట్లను చూసుకుంది.

"మంచు మళ్లీ పడేట్టుంది," అంది చివరికి ఆవిడ. "పద, పిల్లలు నిద్ర లేచే వేళయింది. తోప్చుగుల్ ఒక్కతే ఉంది."

దారిలో వంతెన దగ్గర డైరెక్టరు గారు కోటు జేబులోంచి రుమాల్లో కట్టిన వెచ్చటి బోర్సోక్‌లు తీసి ఆమె చేతిలో పెట్టింది. బురుల్చా తింది. నెలాఖరులో ఉద్యోగం కాగితం వచ్చింది. దాని మీద "అప్రమత్తత కలిగిన మనిషి" అని డైరెక్టరు గారి చేతిరాత.

అంతకంటే ముందు, సోమవారం పొద్దున, షామిర్కాన్ తాత బెక్తుర్‌ని తీసుకుని బడి ఆఫీసుకి వచ్చాడు. బిష్కెక్ వెళ్లిపోయిన ఒక కుటుంబం పిల్లవాడి చోటు ఖాళీగా ఉందని, దాన్ని వీడికిస్తున్నామని, శుక్రవారం సంగతి మాత్రం ఈ గది దాటకూడదని డైరెక్టరు గారు గట్టిగా చెప్పింది. తాత అన్నిటికీ తల ఊపాడు. బెక్తుర్ అప్పటికే తరగతిలోకి దూరిపోయాడు. లోపల చోల్పోన్ వాడికి పేరు పిలిస్తే ఎప్పుడు పలకాలో, ఎప్పుడు పలక్కూడదో నేర్పిస్తున్న గొంతు వినిపిస్తోంది.

డైరెక్టరు గారు వరస పుస్తకం తెరిచి రెండు వందల పద్నాలుగో నంబరు కొట్టేయబోయింది. తాత చేతికర్ర పుస్తకం మీద అడ్డంగా పెట్టాడు.

"అది కొట్టెయ్యకమ్మా. వేరేవాళ్లకి కావాలి."

"ఎవరికి?"

"మా కోడలికి మార్చిలో కాన్పు."

"పేరేమని రాయను?"

"ఆడో మగో తెలిశాక చెప్తా. ముందు నంబరు ఉంచు."

ఆవిడ తాత ముఖం వంక చూసింది, శుక్రవారాన్ని తలుచుకుంది, కలం మూత పెట్టింది. ఆ నంబరు వెనక వరసలో ఇంకా తొంభై ఇద్దరు పిల్లలున్నారు. వాళ్లు చేసిన పొరపాటల్లా ముందే పుట్టడం.